ఇంటికో లంకె

ముప్పై మూడో పేజీ తెరిచేసరికి భ్రమరాంబ తెర ఎర్రబడింది. పొద్దుట్నుంచి ముప్పై రెండింటిని అడుగుకి తోసింది. వేగపరీక్షకురాలి కొలువంటే అదే మరి. పేజీకి లంకెలు రోజుకి రెండో మూడో పడితే సహజం. ఒక్కసారిగా ఎగబడ్డాయంటే దొంగవని లెక్క. అలాంటి పేజీ మూడు నెలలు అడుగున పడుండాలి. ఆ మూడు నెలల్లో మళ్లీ ఎగబడితే ఇక శాశ్వతం. అడుగున ఉన్నదాన్ని వెతుకుడు యంత్రం అన్వేషి చూపించదు, అన్వేషి చూపించనిదాన్ని ఈ నగరంలో ఎవరూ నమ్మరు.

సున్నపుబట్టీల కాలనీ పేజీ అది. "కుళాయి నీళ్లు తాగొద్దు." అంతే రాసుంది. పదకొండు నిమిషాల్లో నాలుగొందల లంకెలు!

నిబంధన ప్రకారం పేజీ యజమానిని ఒకసారి అడగాలి. ఫోనెత్తింది మస్తానమ్మ అనే ఆవిడ.

"ఈ లంకెలు ఎవరు కట్టారమ్మా?"

"మేమే. ఎవరన్నా పోతే వాళ్ల పేరుకి ఇంటికో లంకె కట్టడం మా ఆనవాయితీ. తెల్లారేసరికి నలుగురు పోయారు తల్లీ. మావి వంద గడపలు. ఆ లంకెలన్నీ ఈసారి నీళ్ల పేజీకే కట్టాం. పదింటికి పక్క కాలనీకి నీళ్లు వదులుతారు, వాళ్లన్నా బతకాలి గదా!"

"అయ్యో, మెల్లగా కట్టాల్సిందమ్మా!"

"చావులు మెల్లగా రాలేదు తల్లీ."

తొమ్మిదీ నలభై. పై అధికారి దానియేలు వెనకొచ్చి నిలబడ్డాడు.

"తోసెయ్యమ్మా. ఇలాంటి కథలు రోజూ వింటాం."

"నిజమైతేనండీ?"

"నిజమైతే మూడు నెలలకి అదే పైకొస్తుంది."

భ్రమరాంబకి ఒళ్లు మండిపోయింది. పరీక్షకురాలు తన పేరుతో లంకె కడితే అన్వేషి మారుమాట్లాడకుండా పేజీని పైకెత్తుతుంది. కానీ అలా కట్టకూడదు. కడితే ఆ పేరే అడుగుకి పోతుంది, పేజీకున్న మూడు నెలల లెక్కే పేరుకీను. ఇంటి తలుపు, రేషను, ఆసుపత్రి అన్నీ పేరు చూసే పలుకుతాయి. అయినా కట్టేసింది.

పదింటికి పక్క కాలనీలో ఒక్క కుళాయీ తిరగలేదు.

పదింబావుకి ఆమెని గేటు బయట నిలబెట్టారు. మూడు నెలలేగా, ఎలాగోలా నెట్టుకురావచ్చు అనుకుంటుంటే ఫోన్ మోగింది.

"నీ పేరు అడుగుకి పోయిందటగా తల్లీ!" మస్తానమ్మ గొంతు సంతోషంగా ఉంది. "దిగులుపడకు. ఇప్పుడే మావాళ్లందరం నీ పేరుకి ఇంటికో లంకె కట్టేశాం."

భ్రమరాంబ గేటు పక్క గోడకి జారగిలబడింది. వంద గడపలు, ఒక్కసారిగా.

"మంచిపని చేశారమ్మా" అంది.