ఆదివారం మైలేజీ

ఆ కారు వెనక అద్దం మీద ఎర్రక్షరాలతో 'ఈ కారు నీళ్ళతో నడుస్తుంది' అని రాసి ఉంది. మచిలీపట్నంలోని ఒక డిగ్రీ కాలేజీలో, సరిగ్గా ఫిజిక్స్ ల్యాబ్ ముందు ఆగిందది. దిగినతని పేరు శ్యామ్ సుందర్. అతని చేతిలో టైపు చేయించిన సర్టిఫికెట్ ఒకటి ఉంది. దానికి లెక్చరర్ తన్మయి సంతకం ఒక్కటే తక్కువ.

తన్మయి కాగితం చదివి, దానికి పిన్ను కొట్టిన పెట్రోలు బంకు బిల్లులు తిరగేసింది.

"నీళ్ళతో నడిస్తే మరి ఈ బిల్లులెందుకండీ?"

"సగం పెట్రోలు, సగం నీళ్ళండీ. అద్దం మీద అంత పొడుగు పట్టలేదు."

ఆమెకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఆమె తండ్రి రామమూర్తి గారు గుమాస్తాగా పనిచేసినంత కాలం చదవని కాగితం మీద సంతకం పెట్టి ఎరగరు. ఆ రోగం కూతురికీ వచ్చింది.

శ్యామ్ సుందర్‌ది కోడూరు. రొయ్యల చెరువులున్నాయి. ఏదో వీడియో చూసి, బానెట్ కింద ఒక డబ్బా బిగించాడు. డబ్బాలో నీళ్ళు, నీళ్ళలోకి బ్యాటరీ తీగలు, అక్కణ్ణుంచి ఇంజన్లోకి ఒక పైపు. లీటరుకు పదిహేను కిలోమీటర్లిచ్చే కారు ఇరవై ఇస్తోందట.

"నీళ్ళంటే ఒకసారి కాలిపోయిన హైడ్రోజనండీ. పొయ్యిలో బూడిద పోసి అన్నం వండుతానంటే ఎలా?" అంది తన్మయి.

"అదంతా నాకు తెలీదు మేడం. మైలేజీ మాత్రం పెరిగింది. నేను అబద్ధం చెప్పట్లేదు."

వచ్చిన చిక్కల్లా అదే. అతను అబద్ధం చెబుతున్నట్టు లేడు. అబద్ధమైతే ఐదు నిమిషాల్లో పంపించేసేది.

"సర్టిఫికెట్ దేనికి?"

"వచ్చే నెల నాగాయలంకలో రైతుల మీటింగుందండీ. మా నాన్న శివరామయ్య గారు ఇప్పటికే అందరికీ చెప్పేశారు. చెరువుల మీద ఏరేటర్లు తిప్పే ఇంజన్లకి కూడా ఇదే బిగిద్దామంటున్నారు."

తన్మయి కాగితం బల్ల మీద పెట్టేసింది. నీళ్ళలో గాలి కలిపే ఏరేటరు గంటసేపు ఆగితే రొయ్యలకు గాలాడక చెరువు చెరువంతా పోతుందని బందరులో పెరిగిన వాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు.

"సంతకం పెట్టను. పరీక్ష పెడతాను. ఒప్పుకుంటారా?"

"ఫస్ట్ క్లాసులో పాసవుతానండీ."

పరీక్ష ఇది. నాలుగు వారాలు, శని ఆదివారాల్లో బందరు నుంచి గుడివాడ వెళ్ళి రావాలి. వెళ్ళే ముందు ఒకే బంకులో ట్యాంకు ఫుల్, వచ్చాక మళ్ళీ ఫుల్. ల్యాబ్ అటెండరు బెంజమిన్ బయల్దేరే ముందు ఒక చీటీ తీస్తాడు. దాన్నిబట్టి డబ్బా పైపు ఇంజన్‌కి కలుపుతాడు, లేదా తీసేస్తాడు. తర్వాత బానెట్‌కి సీలు వేస్తాడు. కలిపాడో తీశాడో అతని పుస్తకంలో తప్ప ఎక్కడా ఉండదు. శనివారాలు కారులో కెమిస్ట్రీ లెక్చరర్ దీవెన కూర్చుంటుంది. ఆమె పుట్టిల్లు గుడివాడే. ఆదివారాలు తన్మయి.

మొదటి ఆదివారం వాన. గుడ్లవల్లేరు దాటాక గడ్డి ట్రాక్టరొకటి హారన్ కొట్టి మరీ వాళ్ళను దాటేసింది.

"ట్రాక్టరు దాటేసిందండీ," అంది తన్మయి.

"దాటనీయండి. పాపం, వాళ్ళకేం పనుందో."

"మీకు పనుండదా?"

"ఆదివారం కదండీ."

అతను కాలవ పక్క చేలను చూపించి ఏది ఏ రకం వరో చెప్పేవాడు. ఆమె నోట్‌బుక్ మీద పెన్ను పెట్టుకుని కూర్చునేది. వింటున్నట్టు కనిపించేది కాదు గానీ, వినేది. గుడివాడలో టీ తాగేటప్పుడు ఆమెకు చక్కెర తక్కువ వెయ్యమని రెండో వారానికే కొట్టతనికి తనే చెప్పాడు. నాలుగో ఆదివారానికి తన్మయికి ఈ మనిషి నచ్చేశాడు. ఆ సంగతి తనకు తాను ఒప్పుకుంది కానీ నోట్‌బుక్‌లో రాయలేదు.

సోమవారం ల్యాబ్‌లో బెంజమిన్ పుస్తకం తెరిచారు. పైపు కలిపిన నాలుగు రోజుల సగటు పదిహేడున్నర. తీసేసిన నాలుగు రోజుల సగటూ పదిహేడున్నరే.

శ్యామ్ సుందర్ రెండుసార్లు కూడి చూసుకున్నాడు.

"అంటే నా డబ్బా ఏం చెయ్యట్లేదా మేడం?"

"లేదండీ."

"ఇప్పుడు మీటింగులో ఏం చెప్పాలి? నాన్న పరువు పోతుంది."

"అది మీరే ఆలోచించుకోవాలి," అంది తన్మయి. అక్కడ అతను అబద్ధమాడితే ఇక అతని కారెక్కనని అప్పుడే నిశ్చయించుకుంది. ఆ నిశ్చయం ఆమెకే బాధ కలిగించింది.

అతను వెళ్ళాక లెక్కలు మరోసారి చూసింది. శనివారాలు నాలుగూ పదిహేను. ఆదివారాలు నాలుగూ ఇరవై. డబ్బాతో నిమిత్తం లేదు.

"దీవెనా, శనివారాలు బండి ఎలా నడిపాడు?"

"లారీలన్నీ దాటించేశాడే బాబూ. నేను మా అమ్మ దగ్గర అరగంట కూర్చుంటే వాచీ చూసుకున్నాడు. ఏమిటీ, అలా ఎర్రబడ్డావ్?"

తన్మయి పుస్తకం మూసేసింది. ఇంత పెద్ద మాట నమ్మాలంటే నాలుగు రీడింగులు చాలవని మనసుకు చెప్పుకుంది. మనసు వినలేదు.

మీటింగు రోజు ఆమె బస్సులో నాగాయలంక చేరేసరికి అతను మాట్లాడుతున్నాడు. ముందు వరసలో తెల్ల చొక్కాతో ఉన్నాయన శివరామయ్య గారని పోలికలే చెప్పాయి.

"నీళ్ళతో బండి నడవదండీ. నేను పొరబడ్డాను. డబ్బా బిగించాక అదెక్కడ ఊడుతుందోనని నెమ్మదిగా నడిపాను, నెమ్మదిగా నడిపితే మైలేజీ పెరిగింది. దయచేసి ఎవరూ ఏరేటర్లకి ఇది బిగించొద్దు."

నవ్వులు లేచాయి. శివరామయ్య గారు తలెత్తలేదు. వెనక నుంచి ఎవరో అడిగారు. "పరీక్షలో కూడా కొన్నాళ్ళు ఇరవై వచ్చిందన్నావుగా, అదెందుకు?"

"ఆదివారాలు వచ్చిందండీ."

"ఆదివారమైతే ఏంటి?"

జనం వెనక నిలబడ్డ తన్మయిని అతను అప్పుడే చూశాడు, చూపు తిప్పుకోవడం మర్చిపోయాడు. శివరామయ్య గారు కొడుకు చూపు వెంట వెనక్కి తిరిగారు.

మీటింగు అయ్యాక ఆయనే ఆమె దగ్గరికి వచ్చారు. "పరీక్ష పెట్టిన మేడం మీరేనా అమ్మా?"

"అవునండీ. మీకు ఇబ్బంది కలిగింది."

"పోయింది కాస్త మాటే. చెరువులు మిగిలాయి." ఆయన కొడుకు వైపు చూశారు. "బందరు దాకా దింపి రారా. బస్సులు రద్దీగా ఉంటాయి."

కారు వెనక అద్దం మీద ఒక మాట గీకేసి ఉంది. 'ఈ కారు నడుస్తుంది' అని మాత్రం మిగిలింది.

కారు మోపిదేవి దాటింది.

"ఆదివారాల సంగతి మీరు ల్యాబ్‌లోనే చూశారు కదండీ?" అన్నాడతను.

"చూశాను. నాలుగు రీడింగులతో ఏదీ తేలదు."

"తేలాల్సిందేం లేదండీ. మీరంటే నాకిష్టం. దారి తొందరగా అయిపోతుందని నెమ్మదిగా నడిపాను." ఆమె వైపు చూసి అడిగాడు. "ఇంకా ఎన్ని రీడింగులు కావాలి?"

వెనక నుంచి ఒక ఆటో వచ్చి వాళ్ళను దాటేసింది. తన్మయి స్పీడోమీటరు చూసింది. ముప్పై.

"ముందు ఇంకొంచెం తగ్గించండి," అంది.