రెండు గాట్ల డ్రైవ్

సోమవారం పొద్దున పదకొండు గంటల ఏడు నిమిషాలకు మందమర్రి తూర్పు బావిలో హత్య జరిగింది. చచ్చింది మనిషి కాదు, కంప్యూటర్. పన్నెండేళ్లుగా బావిలో మీథేన్ లెక్క చూస్తూ, గ్యాస్ పెరిగితే సైరన్ మోగించే మిషన్. ఎవరో కావాలనే హై వోల్టేజ్ ఎక్కించి కాల్చేశారు.

బుధవారం ఎనిమిదింటికి కరీంనగర్‌లో ఒక గ్రానైట్ ఎక్స్‌పోర్ట్ ఆఫీసు తలుపు తట్టాడు ఏజెంట్ సాగర్.

"సర్వపిండిల పల్లీలేసిన్రా?" లోపలినుంచి ప్రశ్న.

"నువ్వులు గూడ."

తలుపు తెరుచుకుంది. గ్రానైట్ ఉత్త బోర్డే, అసలుది గూఢచారి ఆఫీసు. కుర్చీలో ఉన్నది చీఫ్ శ్యాంసుందర్‌రావు. పదేళ్ల కింద పాలిటెక్నిక్‌లో ఫీజు కట్టలేక తిరుగుతున్న సాగర్‌ను తీసుకొచ్చి, ఇంట్లో అన్నం పెట్టి, పని నేర్పిన మనిషి. మొదటి ఆపరేషన్‌నాడు ఆయనిచ్చిన పెన్ను సాగర్ జేబులో ఇప్పటికీ ఉంది. మూత తిప్పితే స్క్రూడ్రైవర్!

"ముఠా పేరు బ్లాక్ సీమ్," అన్నాడు చీఫ్. "విదేశీ బొగ్గు అమ్మెటోళ్లు. బాయి పేలితే మూతపడ్తది. మూతపడితే వాళ్ల బొగ్గుకు గిరాకీ. ఇయ్యాల మూడింటికి సెకండ్ షిఫ్ట్ దిగుతది. నూట నలభై మంది."

"మా బాపు గూడ గదే షిఫ్టు సార్."

"ఎర్కే. ఫికర్ చెయ్యకు. కొత్త కంప్యూటర్ నా చేతుల్తోని కట్టిన. దాన్ని లేపే బూట్ డ్రైవ్ ఒక్కటి నువ్వు కొనుక్కరా. నీ పేరు మీదనే కొను, నువ్వే బిగియ్యి. నీకంటే నమ్మకస్తుడు నాకెవడున్నడు?"

సాగర్ జేబులోని పెన్నును తడుముకున్నాడు.

"ఇంకోటి. షాపుల మన ప్రజ్ఞ కలుస్తది. డబుల్ ఏజెంట్, వాళ్లకు గూడ పని చేస్తది. ఆమె ఏది కొనమంటే అది కొనకు."

పెళ్లిళ్ల వీడియోగ్రాఫర్ వేషంలో, అతికించిన గడ్డంతో, సాగర్ కంప్యూటర్ షాపులో అడుగుపెట్టాడు. కౌంటర్ దగ్గర నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, సెంటు ఘుమఘుమ. ప్రజ్ఞ!

"గడ్డం ఎడమ దిక్కు ఊడుతాంది, సాగర్."

గడ్డం సర్దుకుని, కౌంటర్ మీద పెట్టిన రెండు డ్రైవ్‌లు చూశాడు. రెండూ అగ్గిపెట్టె కన్నా కాస్త పొడుగు, ఒకటే వెడల్పు. ఒకదాని మొనకు ఒక్క గాటు, అది ఎన్‌వీఎంఈ. ఇంకోదానికి రెండు గాట్లు, అది శాటా. రెండూ ఒకే స్లాట్‌లో చక్కగా దూరతాయి. అక్కడే ఉంది తిరకాసు. దూరినంత మాత్రాన బోర్డు దాన్ని గుర్తుపట్టాలని లేదు.

"మీ సారు కొన్న బోర్డు నాకెర్కే," ప్రజ్ఞ గొంతు తగ్గించింది. "ఒక్క గాటుది తీస్కో. రెండు గాట్లది ఆ బోర్డు కంటికే ఆనదు."

ఆమె ఒక్క గాటుదంది కాబట్టి సాగర్ రెండు గాట్లది కొన్నాడు. సారు మాట అతనికి వేదం. షాపులోనే దాంట్లో బావి సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుని మందమర్రి బండెక్కాడు. వెనకనుంచి ప్రజ్ఞ ఏదో అరిచింది. వినిపించుకుంటేగా!

రెండూ నలభై. కంట్రోల్ రూమ్. క్యాబినెట్ తెరవగానే బోర్డు మాన్యువల్ కాగితం జారి పడింది. చదివే టైమ్ లేదు. మడిచి జేబులో కుక్కి, డ్రైవ్ బిగించి, దాని ఖాళీ డబ్బానూ జేబులో వేసుకుని స్విచ్ నొక్కాడు. స్క్రీన్ లేచింది. మీథేన్ సున్నా పాయింట్ మూడు. పచ్చ లైటు.

"శభాష్ బిడ్డా!" అప్పటికే అక్కడికి చేరుకున్న చీఫ్ వీపు తట్టాడు.

కిటికీలోంచి సాగర్ తండ్రి మొండయ్య తొంగిచూశాడు. ముప్ఫై ఏళ్లుగా బొగ్గు తవ్వుతున్న మనిషి.

"కొడుకా, టోపీ వెట్టుకో. మిషన్ వెట్టినోడు మాతోని దిగాలె. గది మా బాయి రివాజు. వెట్టినోడు దిగకుంటే మేమూ దిగం."

సాగర్ నవ్వుతూ బాపు వెంట నడిచాడు. మనుషుల్ని బావిలోకి దించే కేజ్ ముందు సెర్చ్ చేసే వెంకటి ఆపాడు. బావిలోకి బీడీ, అగ్గిపెట్టె పోకూడదు. ఎవరి జేబైనా తిరగేయాల్సిందే.

"గిదేంది? డబ్బనా? గీ కాయితంల బీడీ చుట్టుకున్నవా ఏంది?" వెంకటి మాన్యువల్ మడత విప్పి సాగర్ మొహం ముందు దులిపాడు.

సాగర్ కళ్లు ఒక్క లైను మీద ఆగిపోయాయి. ఈ బోర్డు ఎన్‌వీఎంఈ డ్రైవ్‌ను మాత్రమే గుర్తిస్తుంది. శాటా పనిచేయదు. డబ్బా మీద చూశాడు. శాటా.

అంటే ప్రజ్ఞ చెప్పింది నిజం. తను తప్పుది కొన్నాడు. ఆ కంప్యూటర్ లేవనే కూడదు.

మరి ఎలా లేచింది?

టంగ్. కేజ్ గంట. మూడోసారి మోగితే కేజ్ దిగుతుంది. బాపు అప్పటికే లోపల నిలబడ్డాడు.

టంగ్.

"ఆపుండ్రి!" సాగర్ గంట తాడు పట్టుకున్న చేతిని ఒడిసిపట్టాడు.

చీఫ్ పరుగున వచ్చాడు. "ఏమైందిరా? పచ్చ లైటే ఉంది గద!"

"అయితే మీరు గూడ దిగుండ్రి సార్. మిషన్ కట్టింది మీరే గద."

"అవునవును, రా దొరా!" మొండయ్య జరిగి చోటిచ్చాడు.

చీఫ్ ఒక్క అడుగు వెనక్కి వేశాడు. "నాకు బీపీ ఉంది."

పదేళ్లలో సాగర్ ఆ మాట వినలేదు. కంట్రోల్ రూమ్‌లోకి ఉరికి, గ్యాస్ సెన్సర్ వైరు పీకేశాడు. వైరు చేతిలో ఉంది. స్క్రీన్ మీద మాత్రం అదే సున్నా పాయింట్ మూడు, అదే పచ్చ లైటు. బావి నిండా గ్యాస్ నిండినా అదే చూపిస్తుంది! పెన్ను మూత తిప్పి, బోర్డు ఊడదీసి తిరగేశాడు. అడుగున ఇంకో స్లాట్. అందులో ఒక్క గాటు డ్రైవ్, దొంగలా నక్కి ఉంది. మిషన్‌ను లేపింది, దొంగ లెక్క చూపించింది ఇదే!

గుమ్మంలో చీఫ్. చెయ్యి అలవాటుగా నడుము దగ్గరికి పోయి ఉత్తగా వచ్చింది. కేజ్ దగ్గరికి ఉరికొచ్చినప్పుడే రివాల్వర్‌ను వెంకటి తీసి, బీడీ కట్టల పక్కన పెట్టాడు.

"మా బాపు దిగుతుండని ఎర్కుండి గూడనా సార్?"

"గందుకే నిన్ను పంపిన. డ్రైవ్ కొన్నది నువ్వు, బిగించింది నువ్వు. మిషన్ ఫెయిలయిందంటరు, నీ పేరే రాస్తరు. తండ్రి పోయిన కొడుకు కావాలని చేసిండనరు, కేసు అంతకంటే తవ్వరు."

సాగర్‌కు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. "మీ ఇంట్ల అన్నం తిన్న సార్. మిమ్మల్ని బాపు లెక్క చూసిన."

చీఫ్ కాగితం వైపు చూశాడు. "గంత తప్పు డ్రైవ్ ఎందుకు కొన్నవ్‌రా?"

"మీరే చెప్పిన్రు గద, ఆమె మాట ఇనొద్దని. ఇనుంటే సరైనదే కొందును. ఏదీ బయటపడేది గాదు."

ఆ షిఫ్టు దిగలేదు. బ్లాక్ సీమ్‌కు అమ్ముడుపోయిన చీఫ్‌ను పోలీసులు జీపెక్కించాక ప్రజ్ఞ వచ్చింది, చేతిలో ఒక్క గాటు డ్రైవ్‌తో. "రెండు గాట్లదాంతోని మిషన్ లేస్తే మీ సారు ఏదో దాసినట్టే అని వెనకనుంచి ఒర్రిన," అంది. "నువ్వు గడ్డం సర్దుకుంటనే బండెక్కినవ్."

మర్నాడు ఆమే డ్రైవ్ బిగించింది. ఈసారి సెన్సర్ వైరు పీకగానే సైరన్ ఊరంతా వినపడేలా మోగింది. రివాజు ప్రకారం ఆమెకూ టోపీ పెట్టారు. వెంకటి కళ్లద్దాలు, సెంటు సీసా తీసి పక్కన పెట్టి, సాగర్ జేబులోని పెన్ను పట్టుకున్నాడు.

"పైకొచ్చినంక గిది యాదిజెయ్యి, ఇస్త."

"అద్దు," అన్నాడు సాగర్. "గిప్పటిసంది నా స్క్రూడ్రైవర్ నేనే కొనుక్కుంట. ఏది కొనాల్నో మాత్రం ఈమెను అడుగుత."