దారి కర్ర

ఆ శనివారం పొద్దున కొండల మీద పొగమంచు ఇంకా దుప్పటి తియ్యలేదు. వెనక తలుపు తోసుకుని మార్లీన్ పుట్టింటి వంటింట్లోకి వచ్చేసరికి, అక్కడ కూడా మంచు పడ్డట్టు మైదా పిండి తేలుతోంది. తల్లి వెరోనా బల్ల ముందు నిలబడి గుడ్లు కలిపిన పిండిని పల్చగా ఒత్తుతోంది. మధ్యాహ్నానికి క్యాబేజీ నూడుల్స్.

"నాన్న లేచాడా అమ్మా?"

"లేవడమేమిటి, యూనిఫాం వేసుకుని, బూట్లు తుడుచుకుని ముందు గదిలో కిటికీ దగ్గర కూచున్నాడు పెళ్ళికొడుకులాగ. ఇవాళ బండ్లు నడవవయ్యా బాబూ అంటే వింటేనా!"

నడవని మాట నిజమే. అందుకే మార్లీన్ ముఖం అలా వాడిపోయి ఉంది.

ఊరి చివర అడవిలో పాత ట్రామ్‌ల మ్యూజియం ఉంది. నగరంలో ట్రామ్‌లు ఆపేసినప్పుడు తుక్కు కింద పోబోయిన బండ్లని ఆమె తండ్రి ఎమిల్, అతని స్నేహితులు కలిసి తెచ్చుకుని, తామే పట్టాలు పరిచి బతికించుకున్న చోటది. అక్కడ జీతగాడనేవాడు ఒక్కడూ లేడు. వారమంతా ఎవరి ఉద్యోగాలు వాళ్ళు చేసుకుని, శని ఆదివారాలు వచ్చి తుప్పు గీకి, రంగులేసి, జనాన్ని ఎక్కించుకుని అడవిలో తిప్పి తెస్తారు. మార్లీన్ ఆ బండ్లలోనే ఆడుకుని పెరిగింది. ఇప్పుడు ఏ బండి ఎవరు నడపాలో చెప్పేది ఆమే. వెరోనా మాత్రం ఇన్నేళ్ళలో ఆ గుమ్మం తొక్కలేదు. "నా సవతి కొంపకి నేనెందుకు పోతాను?" అనేది.

అడవిలోకి పోయేది ఒంటి లైను. ఎదురెదురుగా రెండు బండ్లు వచ్చి గుద్దుకోకుండా పూర్వకాలపు పద్ధతొకటి పెట్టుకున్నారు. ఎర్ర రంగు వేసిన మూరెడు కర్ర, దాని కొసన లైను పేరు చెక్కిన ఇత్తడి కట్టు. ఆ కర్ర దగ్గరున్నవాడే లైనులోకి వెళ్ళాలి. తిరిగొచ్చాక షెడ్డులో కొక్కేనికి తగిలించాలి. ఉన్నది ఒకటే కర్ర. పోయిన ఆదివారం సాయంత్రం నుంచి ఆ కొక్కెం బోసిగా ఉంది.

సరిగ్గా ఆకులు రంగు తిరిగే రోజులివి. ఏడాది మొత్తంలో జనం విరగబడి వచ్చేది ఇప్పుడే. ఆ ఆదివారం షెడ్డుకి తాళం వేసింది ముసలి ఆర్విల్ కాబట్టి అందరి వేళ్ళూ అతని వైపే తిరిగాయి. ఆర్విల్ ఒక్క మాట అనకుండా తాళంచెవి బల్ల మీద పెట్టి ఇంటికి వెళ్ళిపోయాడు.

మార్లీన్ కాఫీ పోసుకుంటూ తల్లి చేతుల వైపు చూసింది. తల్లి అప్పడాల కర్రకి రెండు పక్కలా పిడులుండాలి. దీనికి లేవు. అసలైనది గోడకి వేలాడుతూనే ఉంది.

"అదేంటమ్మా, కొత్తదా?"

"ఆఁ. అది బరువెక్కిపోయింది."

"చెక్క బరువెక్కుతుందా?"

"నాకు వయసొస్తే దానికి రాదా?"

మార్లీన్ నవ్వలేదు. దగ్గరికెళ్ళి కర్ర అందుకుంది. గరుకు కాగితంతో బాగా రుద్దారు. కానీ చెక్క గీతల్లో వెంట్రుకవాసి ఎరుపు మిగిలే ఉంది. ఒక కొసన కట్టు బిగించిన గాడి. చిన్నప్పుడు ఆఖరి బండిలో తిరిగొస్తూ ఆ కర్రని ఒళ్ళో పెట్టుకునే నిద్రపోయేది. చెయ్యి మర్చిపోతుందా?

"అమ్మా! ఇది నా కర్ర!"

"నా వంటింట్లో ఉన్నదేదీ నీది కాదు."

"అమ్మా..."

వెరోనా చేతులు పిండిలోనే ఆగిపోయాయి. గొంతు తగ్గించి చెప్పింది. "ఆదివారం ఉతకడానికి కోటు తీస్తే లోపలి జేబులో ఉందే. ఇదేంటి ఎమిల్ అంటే, వంతెన దగ్గర ఎదురు బండివాడికి ఇవ్వాలి, దాచు అన్నాడు. ఎవరి కంటా పడకూడదని కట్టు పీకి, రంగు గీకేశాను."

మార్లీన్ తల్లి ముఖంలోకి చూసింది. వంతెనేమిటి? అది నగరంలో పాత ట్రామ్ దారిలోది, కూల్చేసి ఎంతో కాలమైంది. ఆ ఆదివారమే అడవి చివర తండ్రి "వచ్చేది వంతెన సంత! దిగేవాళ్ళు దిగండి!" అని కేకేస్తే, ముచ్చటకి అంటున్నాడనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఆమె కూడా నవ్వింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేస్తావు? బండి నడిపే హ్యాండిల్ లాక్కుంటావు. చలికాలంలో కారు తాళాలు తీసుకున్నావు. నెల్లాళ్ళు గోడతో మాట్లాడాడు మనిషి. ఇదీ పోతే?"

"సవతి సవతి అని తిట్టావు కదే ఇన్నాళ్ళూ!"

"సవతే! కానీ ఆయన్ని వారానికోసారి లేపి నిలబెడుతోంది అదే. నా వల్ల కావట్లేదు!" వెరోనా పిండి చేతుల్తోనే కళ్ళు తుడుచుకుంది.

"బండిలో పసిపిల్లలుంటారమ్మా. ఎదురుగా ఇంకో బండి వస్తే? పాపం ఆర్విల్‌ని దొంగని చేశాం!"

"ఆర్విల్‌ని ఎవరే దొంగన్నది?"

గుమ్మంలో ఎమిల్. నీలం కోటు, తల మీద టోపీ, చేతిలో ఇత్తడి హ్యాండిల్. ట్రామ్ నడిపేవాళ్ళందరికీ ఎవరి హ్యాండిల్ వాళ్ళదే. అది తగిలిస్తేనే బండి కదులుతుంది. దిగేటప్పుడు తీసుకుని వెళ్ళిపోతారు. ఎమిల్‌ది అతని తండ్రి వాడింది. పట్టుకుని పట్టుకుని బంగారంలా మెరుస్తుంది.

ఆయన కూతురి చేతిలోని కర్రని చాలాసేపు చూశాడు. "కర్ర ఇంటికి మోసుకుపోయినవాడు మళ్ళీ హ్యాండిల్ పట్టకూడదు. ఈ రూలు పెట్టిందెవరు మార్లీ?"

మార్లీన్ కర్రని కిందికి దించింది. "నువ్వే నాన్నా."

"మంచి రూలే." వచ్చి, ఒత్తిన పిండి పక్కన హ్యాండిల్ పెట్టాడు. "నడుపుతుంటే ఒక్కోసారి అడవి పక్కకి జరిగిపోతుందే. ఇళ్ళొస్తాయి. బట్టలారేసిన మేడలొస్తాయి. వంతెన దగ్గర మా నాన్న నిలబడి ఉంటాడు, చెయ్యి ఊపుతాడు. భయం వెయ్యదమ్మా. అదే నా భయం."

కుర్చీలో కూలబడి ఖాళీ చేతుల వైపు చూసుకున్నాడు. "మరి నేను శనివారాలు ఏం చెయ్యను?"

"నాతో నూడుల్స్ కోద్దువుగాని," అంది వెరోనా.

ముందు ఆర్విల్ సంగతి తేలాలన్నాడు ఎమిల్. మార్లీన్ కర్రనీ హ్యాండిల్‌నీ తీసుకుంది. ముగ్గురూ కారెక్కి పక్క వీధికి వెళ్ళారు. ఆర్విల్ వరండాలో ఎండుటాకులు ఊడుస్తున్నాడు.

"ఒరేయ్, కర్ర నా జేబులో ఉందిరా," అన్నాడు ఎమిల్ కారు దిగీ దిగకుండానే.

"తెలుసురా."

"తెలుసా?"

"నీ కోటు గుబ్బలా పొడుచుకొచ్చింది కదా. మర్నాడు తెస్తావులే అని నవ్వుకున్నా. తేలేదు. ఇక నోరు రాలేదు."

మార్లీన్‌కి ఒళ్ళు మండింది. "అందరూ నా దగ్గరే దాస్తారేం? నేనేమన్నా రాక్షసినా?"

"రాక్షసివి కాదమ్మా," అన్నాడు ఆర్విల్ చీపురు గోడకి ఆనిస్తూ. "బాసువి. రాక్షసైతే బతిమాలుకోవచ్చు."

ఆమెకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. క్షమించమని ముసలాయన రెండు చేతులూ పట్టుకుంది. అతను ఆమె చంకలోని కర్ర తీసుకుని వాసన చూశాడు. "గుడ్డు కంపు. కట్టు లేదు, రంగు లేదు, సగం అరిగింది. ఇది ఇక దారికి పనికిరాదు, రొట్టెకే. మంచి చెక్క దొరికితే కొత్తది చేస్తా. అందాకా... ఒరేయ్ ఎమిల్, పాత రోజుల్లో కర్ర పోతే ఏం చేసేవాళ్ళురా?"

మొన్న ఏం తిన్నాడో చెప్పలేని మనిషి, తడుముకోకుండా చెప్పాడు. "మనిషిని పెట్టేవాళ్ళు. జబ్బకి ఎర్ర గుడ్డ కట్టి. ఆ మనిషి ఎక్కితేనే బండి లైనులోకి పోవాలి. కర్ర లేనప్పుడు ఆ మనిషే కర్ర."

చెప్పేశాక, అందరూ తన వైపే ఎందుకు చూస్తున్నారో అర్థం కాలేదు ఆయనకి.

"నా వల్ల కాదే మార్లీ. మర్చిపోతాను."

మార్లీన్ తండ్రి టోపీ సరిచేసింది. "ఒక మనిషి రెండు బండ్లలో ఉండలేడు కదా నాన్నా. నువ్వేమీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. బండిలో ఉంటే చాలు."

వెరోనా నడుముకి కట్టుకున్న ఎర్ర గళ్ళ గుడ్డ విప్పి, చర్రున ఒక పీలిక చించి, మొగుడి జబ్బకి కట్టింది. తర్వాత కారెక్కి కూచుంది. "పదండి. ఆ సవతి మొహం నేనూ చూస్తాను."

మంచు విడిపోయేసరికి బండి బయల్దేరింది. ఆర్విల్ తాడు లాగి రెండుసార్లు గంట కొట్టాడు. తండ్రి హ్యాండిల్‌నే తగిలించి మార్లీన్ నడుపుతోంది. పై కిటికీల రంగు అద్దాల్లోంచి పచ్చని, ఎర్రని వెలుగు జనం ఒళ్ళో పారుతోంది. మోటారు జోలపాడినట్టు మూలుగుతోంది. ఆకులు ఒక్కొక్కటీ, ఏ తొందరా లేనట్టు, పట్టాల మీద వాలుతున్నాయి. వెనక నుంచి తండ్రి గొంతు, నిద్రలోంచి వచ్చినట్టు:

"వంతెన వస్తోంది వెరోనా."

ఈసారి మార్లీన్ నవ్వలేదు. గాలి బ్రేకు మీద చెయ్యి వేసి వింటోంది.

"రానీ," అంటోంది తల్లి. "మామయ్య అక్కడుంటే ఎక్కించుకుందాం. ఇటు జరుగు, చోటుంది."

అడవి చివర బండి ఆగింది. ఆర్విల్ దిగి, తిరుగు ప్రయాణానికి, కరెంటు తీగనంటుకున్న పొడుగాటి కడ్డీని తాడుతో లాగి వెనక్కి తిప్పాడు. మార్లీన్ హ్యాండిల్ తీసుకుని బండి రెండో కొసకి నడిచింది. దిగిన జనం మళ్ళీ ఎక్కి కూచున్నారు. బండి మాత్రం కదలదు. కిటికీ పక్కనున్న పెద్దావిడ విసుక్కుంది. "ఏమ్మా, అందరం ఎక్కాం కదా, ఇంకా ఎవరి కోసం?"

మార్లీన్ బయటికి చూసింది. పసుప్పచ్చ చెట్ల కింద, జబ్బకి గళ్ళ గుడ్డతో తండ్రి, ఆయన చెయ్యి పట్టుకుని తల్లి, రాలే ఆకుల్ని చూస్తూ నిలబడి ఉన్నారు.

"కాసేపు ఆగాలండీ," అంది కళ్ళు తుడుచుకుని. "కర్ర ఇంకా ఎక్కలేదు."