సిమెంటు తొట్టిలో చప్పుడు

పసిఫిక్ సముద్రంలో మా దీవి దక్షిణపు కొసన ఒక సిమెంటు తొట్టి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంనాటి సైనికులు వాననీళ్ళ కోసం నేలలోకి తవ్వి కట్టింది. పైన మనిషి దూరేంత కంత, లోపల రెండు నిలువుల లోతు. అందులో ఇద్దరు సైనికులు పడి చచ్చారని చెప్పేవాళ్ళు. అక్కడ రాలిన కొబ్బరికాయలు అక్కడే మొలకెత్తిపోతాయి… ఏరుకునేవాళ్ళు లేరు.

నాకు పదకొండేళ్ళప్పుడు పెద్ద కరువొచ్చింది. ఆ ఏడాదే తొట్టిలోంచి చప్పుడు మొదలైంది. టక్… టక్… రాయితో గోడని కొట్టినట్టు. మూడు రాత్రులు ఊరంతా విన్నాం. గోడల్లేని ఇళ్ళకి చుట్టూ చాపలు దించుకుని, దీపాలార్పి, ఒకర్నొకరం పట్టుకుని కూచున్నాం. నాలుగో రాత్రి ఆగిపోయింది.

సైనికులు శాంతించారు అన్నారు పెద్దవాళ్ళు.

ముప్ఫై ఎనిమిదేళ్ళ తర్వాత, మళ్ళీ నీళ్ళకి కటకటలాడుతున్నప్పుడు, లామార్, ఆర్డిత్ అనే అమెరికా దంపతులు రాజధాని తరావా నుంచి నెలకోసారి వచ్చే ఓడలో దిగారు. ఇద్దరికీ డెబ్భై దగ్గర. చర్చి వాళ్ళని పద్దెనిమిది నెలల సేవకి పంపింది. ఆయన బతుకంతా నీళ్ళ గొట్టాలు బిగించినవాడు. ఆమె నర్సు. వాళ్ళ మాట ఊరికి, ఊరి మాట వాళ్ళకి చెప్పేది నేను.

మా బావులు ఉప్పుతేలాయి. పిల్లలకి విరేచనాలు. లామార్ దీవంతా తిరిగొచ్చి, “ఆ కొసన తొట్టి బాగుచేస్తే ఊరు మొత్తానికి సరిపోతుంది” అన్నాడు.

మా మామయ్య ఇయోతెబా చేతిలో చేప కింద పెట్టేశాడు. “ముసలోడా, నిన్ను ప్రాణాలతో వెనక్కి పంపమంది మీ చర్చి. అందులో దెయ్యాలున్నాయి, దాని జోలికి పోకు.”

“దెయ్యముందా? మంచిదే. నాకు పనిలోకి ఒక మనిషి కావాలి” అని నవ్వాడు లామార్.

ఊళ్ళో ఎవరూ నవ్వలేదు.

మర్నాడు సాయంత్రం ఆర్డిత్ ఉత్తరం పేటలో పిల్లలకి మందులిస్తుంటే, ఆయన ఎవరికీ చెప్పకుండా ఒక్కడే వెళ్ళాడు. ఆ తర్వాతి సంగతి ఆయన నోటివెంట విన్నదే. గోడకున్న ఇనుప మెట్లు పట్టుకుని దిగుతుంటే మూడో మెట్టు ఊడొచ్చింది. అడుగున బురదలో పడ్డాడు. మడమ విరిగింది. అరిచాడు… అరుపు గోడలకి తగిలి తన మీదకే తిరిగొచ్చింది. పైన అలల హోరు.

చీకటి పడ్డాక కాళ్ళకి తడి తగిలింది. కొత్తగా పడ్డ ఏ పగులు వెతకాలని దిగాడో, ఆ పగుల్లోంచే పోటు నీళ్ళు లోపలికొస్తున్నాయి.

మోకాళ్ళు… తొడలు… నడుము.

చేతిలో ఉన్న పానాతో గోడని కొట్టడం మొదలుపెట్టాడు.

టక్… టక్…

ఆ రాత్రి గాలి దక్షిణం నుంచే వీచింది. మేం విన్నాం. ఊరంతా విన్నాం. నేను లేచి… చాపలు దించాను. నిజమే చెబుతున్నాను, దించాను. పదకొండేళ్ళ పిల్లలా మోకాళ్ళలో తలపెట్టుకుని కూచున్నాను.

అప్పుడే చాప కదిలింది.

“బ్వెనాతా…” ఆర్డిత్ గొంతు, నన్ను పిలుస్తూ. “మా ఆయన ఇంటికి రాలేదు. ఆ చప్పుడేంటి?”

“లోపలికి రామ్మా. గట్టిగా మాట్లాడకు. అది మనిషి కాదు.”

ఆమె కాసేపు చెవి ఒగ్గి వింది. “నలభై ఆరేళ్ళుగా మా ఇంట్లో గొట్టాలు కొట్టే చెయ్యి అది” అంది. “నాకు తెలీదా?”

లాంతరు పట్టుకుని, నొప్పి మోకాలు ఈడ్చుకుంటూ బయల్దేరింది. ఆ లాంతరు కొబ్బరి చెట్ల మధ్య చిన్నదైపోతుంటే… నాకు సిగ్గేసింది. వెనకాల పరిగెత్తాను.

కంతలోంచి లాంతరు దించితే నీళ్ళ మీద ఒక తెల్లటి ముఖం. నీళ్ళు ఛాతీ దాటాయి.

“ఆర్డీ,” అన్నాడు, “వచ్చావా… ఎవరూ రారనుకున్నాను.”

“నోర్మూసుకుని నిలబడు” అందామె. ఏడుస్తోంది.

ఇద్దరు ఆడవాళ్ళం ఆయన్ని లాగలేం. నేను ఊళ్ళోకి పరిగెత్తాను. ఊరి సావడి, మనేయబా కప్పు కింద మగవాళ్ళంతా ఒక చోట ముడుచుకుని ఉన్నారు.

“అది దానికి కావలసిన గొంతుతో పిలుస్తుందే పిల్లా” అన్నాడొకడు. “నువ్వు చూసింది ఆయన్ని కాదు.”

“ఆయన కాకపోతే రేపొద్దున మీరే ఆయన పెళ్ళానికి చెప్పండి” అని అరిచాను.

ఎవరూ కదల్లేదు. చివరికి ఇయోతెబా మామయ్య లేచాడు. పడవ తాడు భుజాన వేసుకున్నాడు. ఆయన వెనక ఇంకో ముగ్గురు.

మేం వెళ్ళేసరికి నీళ్ళు గెడ్డానికి తగులుతున్నాయి. తాడు చంకల కింద నుంచి చుట్టుకోమని చెప్పి లాగాం. లామార్ ఇసుకలో పడి, ఆర్డిత్ ఒళ్ళో తలపెట్టుకున్నాడు.

మామయ్య మాత్రం కంత పక్కనే కూలబడిపోయాడు. లోపలికే చూస్తున్నాడు.

“కొట్టింది మనిషేనా” అన్నాడు మెల్లిగా.

“మనిషే కదా మామయ్యా. ఇదిగో, బతికే ఉన్నాడు.”

“ఇప్పుడు కాదు… అప్పుడు.”

కరువేడాది, ఆ చప్పుడు విన్న వారమే, ఆయన చెల్లెలు తియారెతి కనపడకుండా పోయింది. గుల్లలు ఏరడానికెళ్ళి అలలకి కొట్టుకుపోయిందనుకున్నాం. ఇంట్లో పాలుతాగే బిడ్డ, గుక్కెడు నీళ్ళు లేవు. ఆమె దేనికీ భయపడే రకం కాదు… తొట్టి అడుగున కాసిని నీళ్ళుంటాయని ఆశపడి దిగబోయి, పడిపోయి ఉంటుంది.

మూడు రాత్రులు.

తెల్లారి పోటు తీశాక మామయ్య తాడు నడుముకి కట్టుకుని దిగాడు. ఎవర్నీ తోడు రానివ్వలేదు. చాలాసేపటికి తాడు కదిలింది. ఆయన తన చొక్కా విప్పి, చెల్లెల్ని అందులో మూట కట్టి, తాడుకి తగిలించి పంపాడు.

నలుగురం పట్టుకుని లాగాం. అంతమంది అక్కర్లేకపోయింది… చాలా తేలిగ్గా వచ్చేసింది.