ఒడ్డున సంచుల కాపలా

మే నెల రెండో శనివారం సాయంత్రం నాలుగు గంటలకు, నగరి పట్టణంలో మరమగ్గాల మోత ఒక్క నిమిషం కూడా ఆగని ఒకానొక వీధిలో, ఒక మహాసైన్యం దండయాత్రకు సన్నద్ధమవుతోంది! సైన్యంలో ఉన్నది నలుగురే. జయించవలసిన దేశం ఏర్కాడు. సేలం దాటి, ఇరవై మలుపుల కొండదారి ఎక్కితే, కాఫీ తోటల నడుమ చల్లని సరస్సు ఒకటి పెట్టుకుని కూర్చున్న చిన్న ఊరు. నగరిలో గోడలు సైతం సెగలు కక్కుతున్న ఆ రోజుల్లో, సరస్సు అన్న మాట చెవిన పడితేనే ఆ ఇంట్లో అందరి ముఖాలూ వెలిగిపోతున్నాయి... ఒక్కరి ముఖం తప్ప!

సేనాధిపతి స్టెల్లా. వయస్సు పందొమ్మిది, తిరుపతిలో డిగ్రీ చదువుతోంది. ఆమె రచించిన యుద్ధవ్యూహం ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంది. మొదటి రోజు సరస్సులో పడవ షికారు. రెండో రోజు కొండ అంచు దాకా కాలినడక. మూడో రోజు కాఫీ తోటల్లో సైకిళ్ళు. నాలుగో రోజు జలపాతం. ఒక్కొక్కరి పేరు కిందా వారి వారి విధులు. తండ్రి ఇమ్మానుయేలు పేరు కింద "కారు, ఫోటోలు". అవ్వ ఆనందమ్మ పేరు కింద "అన్నిట్లోనూ ముందు సీటు". తల్లి కృపామణి పేరు కింద మాత్రం నాలుగు రోజులకూ కలిపి ఒకే ఒక్క మాట... "సంచులు".

వంటింట్లో పులిహోర కలుపుతున్న కృపామణి చేతిలో గరిటె ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో సంచుల కాపలా అనే ఆ మహోన్నత పదవిని ఆమె పోటీ లేకుండా నిర్వహిస్తూ వచ్చింది. మైపాడు తీరంలో అందరూ అలల్లో గంతులు వేస్తుంటే ఆమె నాలుగు జతల చెప్పుల మధ్య కూర్చుంది. తలకోనలో అందరూ జలపాతం కింద కేరింతలు కొడుతుంటే ఆమె పొడి తువ్వాళ్ళు పట్టుకుని నిలబడింది. రాజులు మారారు, రాజ్యాలు మారాయి. ఆ పదవికి మాత్రం మరో అభ్యర్థి పుట్టలేదు! ఈసారి ఎందుకో ఆమె గుండెల్లో ఏదో పొంగింది. పసుపు చేతులతోనే హాల్లోకి వచ్చింది.

"పాపా... ఈసారి నేను గూడా పడవెక్కేదా?"

ఆనందమ్మ చేతిలోని బైబిలు మూసి, కళ్ళద్దాల మీదుగా కోడల్ని చూసింది. పదహారేళ్ళు ప్రధానోపాధ్యాయినిగా పనిచేసిన ఆమె చూపుకు ఇప్పటికీ వీధిలో ముసలివాళ్ళు సైతం సర్దుకుని నిలబడతారు.

"ఏంది కోడలా, ఎప్పుడూ లేనిది! నీకు నీళ్ళంటే బయం గదా?"

"అవును గదమ్మా! బక్కెట్లో నీళ్ళు తొణికితే వణికిపోతావని అవ్వ చెప్తా ఉంటాది," అంటూ స్టెల్లా నవ్వింది. "నువ్వు ఒడ్డున హాయిగా కూర్చో. నేను పడవలోనుంచి నీకు చెయ్యి ఊపుతాలే!"

కృపామణి భర్త వైపు చూసింది. ఇమ్మానుయేలు స్వభావం చేత సాధువు, వృత్తి చేత బడి గుమాస్తా, సంక్షోభ సమయాల్లో ఫ్యాన్ పరిశోధకుడు. ఆయన తల పైకెత్తి, తిరుగుతున్న రెక్కలను అతి శ్రద్ధగా పరిశీలించసాగాడు.

నీళ్ళంటే భయం! కృపామణి వంటింట్లోకి వెళ్ళి, తలుపు చాటున నిలబడి, కొంగు నోట్లో కుక్కుకుంది. కన్నీళ్ళు జలజలా రాలాయి... పులికాట్ సరస్సు ఒడ్డున పుట్టి, నడక రాకముందే పడవలో పాకిన బిడ్డకు నీళ్ళంటే భయమట! ఆమె తండ్రి పెంచలయ్య పడవ నడిపే మనిషి. మోకాటి లోతు, నడుం లోతు నీళ్ళల్లో వెదురు గడ పొడుస్తూ, రొయ్యల వలల మధ్య నుంచి, ఎర్రకాళ్ళ కొంగల గుంపుల పక్క నుంచి పడవను జారుడుగా తీసుకుపోయేవాడు. పదేళ్ళ వయస్సులోనే కూతురి చేతికి ఆ గడ ఇచ్చాడు. "నీళ్ళను కొట్టొద్దు బిడ్డా, అడుగును అడుగు... అది తోస్తాది," అనేవాడు.

చర్చిలో కృపామణి పాట విని ముచ్చటపడి కోడలిగా తెచ్చుకున్నది ఆనందమ్మే. కానీ నగరిలో సాటి టీచరమ్మలు 'వియ్యంకుడు ఏం చేస్తాడు?' అని అడిగినప్పుడు, ఆ ప్రధానోపాధ్యాయిని నోట 'పడవ' అన్న మాట పెగల్లేదు. 'చేపల శాఖలో ఆఫీసరు,' అనేసింది! ఒక అబద్ధానికి సింహాసనం వేశాక, దానికి పరివారం కూడా కావాలి గదా! పెళ్ళైన ఏడాదే, ఒక చెరువు ఒడ్డున పడవ కనబడగానే కొత్త కోడలు గబుక్కున ఎక్కి గడ అందుకోబోతే, ఆనందమ్మ చెయ్యి పట్టి దింపింది. "నీకు నీళ్ళంటే బయమని చెప్పు. లేకుంటే నా పరువేం గావాల?" అంది చెవిలో. ఆ రోజు మొదలు కృపామణికి నీళ్ళంటే భయం. పెంచలయ్య ఎప్పుడు నగరికి వచ్చినా ఎవరిదో కోటు, ఎవరివో బూట్లు వేసుకుని వచ్చేవాడు. ఒకసారి చిన్నారి స్టెల్లా ఆయన ఒడిలో కూర్చుని, "తాతా, మీ ఆఫీసు యాడుండాది?" అని అడిగితే, ఆయన కూతురి వైపు ఒక్క క్షణం చూసి, "నీళ్ళ పక్కనే, తల్లీ," అన్నాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది. హాల్లో ఫోటోలో ఇప్పటికీ ఆ అరువు కోటులోనే ఉన్నాడు!

మర్నాడు తెల్లవారగానే ప్రయాణ ప్రార్థన ముగిసింది, కారు కదిలింది. మధ్యాహ్నానికి కొండదారి మలుపులు ఒక్కొక్కటే కింద పడిపోతుంటే, కిటికీల్లోంచి చల్లగాలి దూసుకొచ్చింది! మిరియాల తీగలు, నారింజ చెట్లు, పొగమంచు... స్టెల్లా ప్రతి మలుపుకూ కేక పెట్టింది. ఆనందమ్మ సైతం గాంభీర్యం మరిచి, "సూడ్రా ఇమ్మానుయేలూ, మబ్బు మన కారు కింద ఉండాది!" అని చప్పట్లు కొట్టింది. చివరి మలుపు తిరగగానే... అదిగో సరస్సు! నీళ్ళ వాసన తగలగానే కృపామణి ఒళ్ళు పులకరించింది. చేతులు వాటంతట అవే ముడుచుకున్నాయి, ఏదో పట్టుకున్నట్టు.

పడవల రేవులో నాలుగు సీట్ల తొక్కుడు పడవ సిద్ధంగా ఉంది. ముందు సీట్లలో ఆనందమ్మ, స్టెల్లా, వెనుక ఇమ్మానుయేలు. ఆయన పక్కన ఖాళీగా ఉన్న నాలుగో ఆసనం మీద, ఎండ తగలకుండా గొడుగు పట్టి మరీ, పులిహోర బుట్టను ప్రతిష్ఠించారు! ఆరు సంచులతో ఒడ్డున బెంచీ మీద కూర్చున్న కృపామణి ఆ పట్టాభిషేకాన్ని కళ్ళారా చూసింది.

రేవులో ఉన్న ముసలి పడవవాడి పేరు మునియప్పన్. సేలం పక్క పల్లెలో ఇంట తెలుగు మాట్లాడే కుటుంబం. అతను ముగ్గురికీ లైఫ్ జాకెట్లు తొడిగించి, ఆనందమ్మ మెడ చుట్టూ చలికి కప్పుకున్న పట్టు కొంగును చూసి, "అమ్మా, ఆ కొంగు నడుముకు దోపుకోండి. కిందికి వేలాడకూడదు," అన్నాడు.

"కొంగు దోపుకునేదానికి నేనేమన్నా చేపల గంపెత్తుకుండానా?" అంది ఆనందమ్మ. ఆ మాట ఒడ్డున ఉన్న కోడలికి వినబడింది.

పడవ బయలుదేరింది. నీళ్ళు మెరిశాయి, బాతులు పక్కకు తప్పుకున్నాయి, స్టెల్లా మాటిచ్చినట్టే చెయ్యి ఊపింది. అవతలి ఒడ్డు వైపు తామర తీగలు, జమ్ము దట్టంగా పెరిగిన మూల దాకా వెళ్ళి ఉంటారు... ఒక్కసారిగా ఒక పెద్ద కేక!

ఆనందమ్మ కొంగు చివర జారి, తొక్కే చట్రంలో పడి, ఇరుసుకు చుట్టుకుంది. ఏం జరిగిందో తెలియక స్టెల్లా ఇంకో నాలుగు చుట్లు తొక్కింది. మెడ చుట్టూ ఉన్న పట్టు ఉరిలా బిగిసింది! ఆమె ముందుకు వంగిపోయింది, ముఖం కమిలింది, భయంతో లేవబోయింది; పడవ ఒక పక్కకు ఒరిగింది. గాలి పడవను తామర తీగల్లోకి తోసుకుపోయింది. ఇమ్మానుయేలుకు ఈసారి చూడడానికి ఫ్యాన్ కూడా లేదు! "మణీ!" అని అరిచాడు. తల్లినీ కాదు, దేవుణ్ణీ కాదు... భార్యను పిలిచాడు!

కృపామణి లేచింది. ఆరు సంచుల్లో ఏది ఎక్కడుందో ఈ భూప్రపంచంలో ఆమెకు ఒక్కదానికే తెలుసు. ఆకుపచ్చ సంచి, కుడి పక్క అర, పాత గుడ్డలో చుట్టిన మామిడికాయల కత్తి! అది నోట కరచుకుని, కొంగు బిగించి నడుముకు దోపుకుని, అప్పటికే తెడ్ల పడవలోకి దూకిన మునియప్పన్ వెనకే తానూ దూకింది. ఇరవై రెండేళ్ళ చరిత్రలో మొట్టమొదటిసారిగా సంచులు దిక్కులేనివయ్యాయి!

మునియప్పన్ వేగంగా తెడ్లు వేశాడు. కానీ జమ్ము దగ్గరకు రాగానే తీగలు తెడ్లకు చుట్టుకుని పడవ ఆగిపోయింది. ఎంత లాగినా అంతే!

"తెడ్లు ఎత్తెయ్యన్నా!" కృపామణి కత్తి చేతికి తీసుకుని అరిచింది. "ఈ తీగల్లో తెడ్డు ఆడదు. గడ ఉండాదా?"

రేవు నుంచి పడవను తోయడానికి ఉంచుకున్న వెదురు గడ అడుగున ఉంది. ఆమె దాన్ని అందుకుని పడవ వెనుక అంచున నిలబడింది. పాదాలు ఎడంగా, మోకాళ్ళు కొంచెం వంచి... నీళ్ళను కొట్టలేదు, అడుగును అడిగింది. అడుగు తోసింది! పడవ తీగల మీదుగా సర్రున జారింది. ఆ కొండ ఊరి సరస్సు మీద ఒక్క క్షణం పులికాట్ గాలి వీచింది!

"అత్తా, లేయొద్దు! కూసో! తల ఇంకా వంచు, కొంగు వదులైతాది! పాపా, తొక్కొద్దు! నువ్వు పడవ ఆ పక్క పట్టుకోవయ్యా!"

ఇరవై రెండేళ్ళుగా ఆ ఇంట్లో 'అట్నే అత్తా' తప్ప మరో మాట పలకని గొంతు అది! ప్రధానోపాధ్యాయిని ఆనందమ్మ, గద్దింపు విన్న మొదటి తరగతి పిల్లలా కూర్చుంది, తల వంచింది. కృపామణి రెండు పడవలనూ ఆనించి, వంగి, మెడకూ ఇరుసుకూ మధ్య బిగిసిన పట్టును ఒక్క కోతతో తెంచింది. పదవీ విరమణ నాడు పూర్వ విద్యార్థులు పెట్టిన చీర అది! ఆనందమ్మ గుండెల నిండా గాలి పీల్చి, కోడలి భుజం మీద వాలిపోయి, వెక్కి వెక్కి ఏడ్చింది.

రేవుకు చేరేసరికి ఒడ్డున జనం గుమిగూడారు. చప్పట్లు, ఈలలు! మునియప్పన్ ఇంకా ఆశ్చర్యం నుంచి తేరుకోలేదు.

"నలభై ఏండ్లుగా ఈ నీళ్ళ మీదుండాను తల్లీ. గడ ఇట్లా వేసే ఆడకూతుర్ని సూడలేదు. ఎవురు నేర్పించినారు?"

కృపామణి తడిసిన కొంగు నడుము నుంచి తీసి సర్దుకుంది. స్టెల్లా నోరు తెరుచుకుని తల్లినే చూస్తోంది. ఇరవై రెండేళ్ళ అలవాటు నాలుక మీదికి వచ్చింది. "ఎవురూ లేదన్నా... ఏదో బయంలో..." అని మొదలుపెట్టింది.

"ఆపు, కోడలా!" ఆనందమ్మ బొంగురుపోయిన గొంతుతో అంది. కమిలిన మెడ మీద చెయ్యి వేసుకుని, అంతమంది ఎదుటా నిటారుగా నిలబడింది. "వాళ్ళ నాయన నేర్పించినాడప్పా. పెంచలయ్య ఆయన పేరు. పులికాట్‌లో పడవ నడిపే మనిషి."

"పడవా! తాత ఆఫీసరు కాదా అవ్వా?" స్టెల్లా అడిగింది.

"కాదు పాపా. నేను అబద్దం చెప్పినా. మీ అమ్మకు నీళ్ళంటే బయమనింది గూడా నా అబద్దమే. బయం నాకు... నలుగురూ ఏమనుకుంటారో అని." ఆమె కోడలి రెండు చేతులూ పట్టుకుంది. అరచేతుల్లో గడ ఒరిపిడికి తోలు ఎర్రబడి ఉంది. "ఆయప్పకు కోటు తొడిగించి ఫోటో తీయించినా గదా మణీ... బతికుండంగా ఒక్కసారన్నా ఆయన పడవెక్కుంటే ఎంత బాగుండు!"

కృపామణి భోరుమంది. అత్త మెడ కౌగిలించుకోబోయి, కమిలిన చోటు గుర్తొచ్చి, నడుము పట్టుకుంది. ఇమ్మానుయేలు కళ్ళు తుడుచుకుంటూ, "నేనన్నా చెప్పుండాల్సింది... తప్పు నాది గూడా," అన్నాడు. ఎవరూ కాదనలేదు.

సంచులా? అవి ఎక్కడివక్కడే ఉన్నాయి. చుట్టూ చెట్ల మీదున్న కోతుల్లో ఒక్కటి కూడా వాటి వంక చూడలేదు. ఇరవై రెండేళ్ళ కాపలా అవసరం ఏపాటిదో ఆ కోతులకు ముందే తెలిసినట్టుంది!

మర్నాడు ఉదయం కొండ అంచు దాకా కాలినడక రద్దయింది. ఆనందమ్మ మనవరాలి దగ్గర పెన్ను అడిగి తీసుకుని, ఫ్రిజ్ మీంచి ఊడదీసి వెంట తెచ్చిన యుద్ధవ్యూహంలో కోడలి పేరు కింద ఉన్న 'సంచులు' కొట్టేసి, తన పేరు కింద, పూర్వం రిజిస్టర్లలో రాసినంత గుండ్రంగా, అదే మాట రాసుకుంది. రేవు దగ్గర బెంచీ మీద ఆరు సంచుల మధ్య, ప్రార్థనా సమావేశానికి అధ్యక్షత వహిస్తున్నట్టు కూర్చుంది. కొంగు నడుముకు బిగించి దోపుకుంది. దారిన పోయే ప్రతి కుటుంబాన్నీ ఆపి, వాళ్ళకు తెలుగు వచ్చునో రాదో విచారించకుండానే, సరస్సు వైపు వేలు చూపించింది.

"అదో, నిలబడి గడ వేస్తా ఉండేది సూడండి! మా కోడలు. పులికాట్ పడవ పెంచలయ్య కూతురు!"

నీళ్ళ మీద, మునియప్పన్ పడవలో ఇమ్మానుయేలు పులిహోర బుట్ట ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. స్టెల్లా అవ్వ వైపు తిరిగి రెండు చేతులూ ఊపింది. ఆనందమ్మ లేచి నిలబడి తిరిగి ఊపింది. ఇంకా ఎవరో ఊపాలన్నట్టు ఎదురుచూసింది.

కృపామణి చెయ్యి ఊపలేదు... రెండు చేతుల్లోనూ గడ ఉంది!