పావురాల గూటి నుంచి మెయిల్

ఇంబాబా పేట మొత్తం మీద కంప్యూటర్ల చేత ఊడిగం చేయించుకోగల మొనగాణ్ణి నేనొక్కణ్ణే. నమ్మకపోతే మా ఇంట్లో ప్రింటర్ని మాత్రం అడక్కండి. దానికీ నాకూ రెండేళ్ళుగా మాటల్లేవు.

మా సబ్రీ మావయ్యకి మాత్రం నా మీద గురి. ఆరంతస్తుల మా మేడకి డాబా మీద, చెక్కలతో కట్టిన పావురాల గూడు ఆయనది. గుండె జబ్బు మనిషి. మెట్లెక్కద్దంటే వినడు. ఇన్షిరాహ్ అత్తయ్య పోరు పడలేక గూట్లో ఒక కెమెరా, దాని కింద అరచేయంత కంప్యూటరూ పెట్టాను. అందులో ఒక్కో ప్రోగ్రాము ఒక్కో పెట్టెలో కాపురం ఉంటుంది. ఆ పెట్టెల్ని కంటైనర్లంటాం. ఒక పెట్టె కెమెరాని చూస్తుంది, ఇంకోటి ఉత్తరాలు మోస్తుంది. మనిషి పడిపోతే పది నిమిషాలకోసారి అత్తయ్య ఫోనుకీ నా ఫోనుకీ మెయిల్ రావాలి.

"ఏమండోయ్ ఇంజనీరు గారూ, గద్దొస్తే కూడా చెబుతుందా ఇది, నేను చస్తేనే చెబుతుందా?" అనేవాడు మావయ్య.

"నువ్వెక్కడ చస్తావు మావయ్యా, నీ పావురాలు ఒప్పుకోవద్దూ!"

ఒక శుక్రవారం, మసీదు నుంచి వచ్చి పైకెళ్ళినవాడు మళ్ళీ దిగలేదు. పొద్దు వాలినా జెండా ఊపి దింపేవాళ్ళు లేక పావురాలు ఆకాశంలోనే తిరుగుతుంటే, ఎదురు డాబావాళ్ళు కేకేశారు. అప్పుడుగానీ మాకు తెలీలేదు. ఒక్క మెయిలూ రాలేదు.

"లైను పోయిందత్తయ్యా" అన్నాను. లైను నిక్షేపంలా ఉంది.

మావయ్య పోయిన నలభయ్యో రోజున చుట్టాలంతా వెళ్ళాక, అత్తయ్య చావింట ఇచ్చే చక్కెర లేని కాఫీ నా చేతికిచ్చి అంది: "దాన్ని బాగుచెయ్యి నాయనా. ఎంతసేపు అలా పడున్నాడో అందులో రాసుంటుందిగా. చటుక్కున పోయాడని తెలిస్తే నిద్రపోతాను. కాదంటే... అదీ తెలియాలి."

నాకైతే ఆమెకి తెలియకూడదనే ఉంది. అయినా వెళ్ళాను.

డాబా మీద ఇంకా ఎండ. గూటి తలుపు పొట్టిది, వంగి దూరితే లోపల మాత్రం నిలువెత్తు చీకటి. మొక్కజొన్న వాసన, రెట్టల ఘాటు, ఎప్పుడో తడిసి ముక్కిన చెక్క కంపు. కంటికానని పావురాల గురగురలు. చెక్క మీద గోళ్ళు గీరుతున్న చప్పుడు. కెమెరాకి వీపు పెట్టి కూర్చుని, ఒళ్ళో లాప్‌టాప్ తెరిచాను.

తప్పు రెండు నిమిషాల్లో దొరికింది. ఉత్తరాలు ఎక్కడ ఇవ్వాలో చెప్పే చోట 'లోకల్‌హోస్ట్' అని రాశాను. 'ఈ ఇంట్లోనే' అని దానర్థం. ఇల్లంటే నా లెక్కలో మొత్తం కంప్యూటరు. పెట్టెలో కూర్చున్న ప్రోగ్రాముకి మాత్రం ఇల్లంటే తన పెట్టే. పక్క పెట్టె తలుపు తట్టాల్సింది, తన గోడ తానే బాదుకుంటూ కూర్చుంది. మావయ్య పడి ఉన్నంతసేపూ అది కేకలేస్తూనే ఉంది... తనకు తానే. పరీక్షకి ఒక మెయిల్ పంపి చూసుకునే మీట ఉంటుంది. అదీ నొక్కి చూడలేదు నేను.

పక్క పెట్టె పేరు రాసి, మళ్ళీ నడిపించాను.

నా ఫోను టింగుమంది. 'మనిషి పడిపోయాడు. 2:10.'

గాలి కోసం మేడ మధ్యలో వదిలిన సందులోంచి, కింద అత్తయ్య ఫోను టింగుమనడం వినిపించింది.

'ఇంకా పడే ఉన్నాడు. 2:20.' ఇక్కడ టింగ్. కింద టింగ్. 2:30. 2:40. దాచుకున్నవన్నీ వరసగా కక్కుతోంది.

'కదిలాడు. 3:10.'

కింద కప్పు పగిలింది.

'కదిలాడు. 3:20.'

ఆపుదామనుకున్నాను. చేతులు రాలేదు. ఐదు గంటల మెయిల్ వచ్చాక ఆగాయి. గురగురలు కూడా ఆగాయి... అన్నీ ఒక్కసారే.

అప్పుడు ఇంకో మెయిల్ వచ్చింది, ఈసారి ఫొటోతో. ఈరోజు తేదీ. ఈ నిమిషం.

ఫొటోలో నా వీపు. నా వెనక పావురాలు. అటు మూడు, ఇటు మూడు. గాలిలో కూర్చున్నాయి. మనిషి భుజాలంత ఎత్తున... భుజాలంత ఎడంగా.

ఫోను మోగింది. అత్తయ్య గుసగుస.

"ఒరేయ్ హాతిమ్... నీ వెనకెవర్రా?"

"ఎవరూ లేరత్తయ్యా."

"మరి పిట్టలు... దేని మీద వాలాయిరా?"

వెనక్కి తిరగలేదు. నా మెడ మీద మొక్కజొన్న గింజలు రాలాయి. రెండు. మూడు. పిడికిలి సందుల్లోంచి జారినట్టు.

"ఫొటో కింద ఏదో రాసుంది చూడు" అంది అత్తయ్య.

చూశాను. ఆ ప్రోగ్రాముకి నేను నేర్పిన వాక్యాలు మూడే. ఇది వాటిలో లేదు. ఆ కెమెరాకి చెవులే లేవు.

'రెండుసార్లు పిలిచాను.'

"ఎవర్నిరా పిలిచింది?"

"పావురాల్నేమో" అన్నాను.

పావురాల్ని కాదు. ఆ శుక్రవారం నేను ఐదో అంతస్తులో, నా గదిలో, మెలకువగానే ఉన్నాను. "హాతిమ్!" అని రెండుసార్లూ వినబడింది. గింజల బస్తా మోయించడానికి పిలుస్తున్నాడనుకుని, చెవి మీద దిండు వేసుకుని, భలే తప్పించుకున్నానని నవ్వుకుంటూ పడుకున్నాను.