మోదుగాకుల మనిషి

నేను ఏలూరులో పౌరోహిత్యం చేసుకునేవాణ్ణి. పేరు సోమసుందరం. పెళ్ళిళ్ళూ నావే, తద్దినాలూ నావే, కాబట్టి చావంటే నాకు పెద్ద బెదురేమీ ఉండేది కాదు. ఆ మాటకొస్తే నా బెదురంతా మా ఆవిడ వెంకటసుబ్బలక్ష్మి అంటేనే. అలాంటివాణ్ణి, ఇప్పుడు సందెవేళ వీధి తలుపు తీయకుండా కూర్చుంటున్నాను.

లాస్య మా అన్నయ్య కూతురు. దాని మొగుడు కౌండిన్య కొల్లేట్లో చేపల చెరువులు కొలిచే సర్వే ఉద్యోగి. ఏడేళ్ళ కిందట వరదల్లో, చెరువుల ఆసామి చిట్టిబాబుతో కలిసి దోనె ఎక్కాడు. దోనె తిరిగొచ్చింది, చిట్టిబాబు తిరిగొచ్చాడు, కౌండిన్య రాలేదు. శవమూ తేలలేదు. అప్పటికి లాస్య కడుపుతో ఉంది.

అప్పట్నుంచీ మా ఇంట్లోనే ఉంటున్న దాని బతుకు అటూ ఇటూ కాకుండా పోయింది. మా వీధిలో సగంమంది దాన్ని పేరంటానికి పిలుస్తారు. మిగతా సగం అది ఎదురొస్తే వెనక్కి వెళ్ళి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మరీ బయల్దేరతారు. పిలిచినవాళ్ళే ఒక ఏడు బొట్టు పెట్టి, మరుసటేడు పసుపు గిన్నె పక్కకి జరిపేస్తారు. ఏదో ఒకటి తేల్చండి మహాప్రభో అని చివరికి అదే కోర్టుకెళ్ళింది.

కోర్టు తేల్చింది. తేల్చడమంటే... కింది అంతస్తులో చిట్టిబాబు మీద అప్పట్లో పోలీసులు పెట్టిన హత్య కేసు కొట్టేశారు, కౌండిన్య చనిపోయాడనడానికి రుజువే లేదుట. అదే రోజు పై అంతస్తులో, ఏడేళ్ళుగా కబురు లేదు గనక చనిపోయినట్టేనన్నారు. ఒకే బిల్డింగు! మెట్ల కింద బతికున్న మనిషి మెట్లెక్కితే పోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. లాస్య మాత్రం నవ్వింది. ఆ నవ్వు చూశాక ఇంక ఆలస్యం చెయ్యకూడదనుకున్నాను.

శవం దొరకనివాళ్ళకి మాలో ఒక పద్ధతుంది. మోదుగాకు కాడలతో మనిషిని కట్టి, తలకి కొబ్బరికాయ పెట్టి, ఆ బొమ్మకి దహనం చేస్తాం. లాస్య కూతురు మేధని మా ఆవిడ దగ్గర వదిలి, నేనూ లాస్యా కొల్లేటి గట్టుకి వెళ్ళాం. ఆడవాళ్ళు రాకూడదన్నా అది వినలేదు.

దారిలో, ఒకవేళ ఆయన వస్తేనో బాబాయ్ అనడిగింది. దానికీ విధి ఉందిగా, నేతితో స్నానం చేయించి, పసిపిల్లాడికి చేసినట్టు బాలసారె దగ్గర్నుంచీ అన్నీ మళ్ళీ చేసి, నీతోనే ఇంకోసారి పెళ్ళి చేస్తానన్నాను. దాని మొహం విప్పారింది. అనవసరంగా వాగానని నాలిక్కరుచుకున్నాను.

గట్టు మీద కుళ్ళిన గుర్రపుడెక్క వాసన, చేపల మేత వాసన కలిసి ముక్కు బద్దలవుతోంది. పొద్దు వాలుతోంది. నీళ్ళ మీద నించి మంచు మెల్లగా పైకి పాకుతోంది. అంతసేపూ గోలగోలగా అరిచిన గూడబాతులు ఒక్కసారిగా ఊరుకున్నాయి. నిప్పంటిస్తే ఎండు కాడలు అంటుకోవు. నెయ్యి పోశాను. అంటుకోవు. ఊదాను...

కిక్కిస గడ్డి కదిలింది.

గాలి లేదు.

"చిన్నమావయ్యగారూ..."

మెత్తటి గొంతు. కౌండిన్యదే.

"కిందవాళ్ళు ఉన్నానన్నారు. పైవాళ్ళు పోయానన్నారు. మీరేమంటారండీ?"

మంచులో ఏమీ కనబడటం లేదు. లాస్య నా చెయ్యి పట్టుకుంది. దాని గోళ్ళు దిగబడ్డాయి.

"ఉన్నారని చెప్పు బాబాయ్..." అని గొణిగింది.

నీళ్ళలో అడుగుల చప్పుడు... దగ్గరగా... ఇంకా దగ్గరగా...

"పోయాననే అనుకోమంటారా అండీ?"

మా వృత్తిలో ఒక అలవాటుంది. ఎదుటివాడు అనుజ్ఞ అడిగితే బ్రాహ్మడు ఊరుకోకూడదు, వెంటనే మాటివ్వాలి. ఊహ తెలిసినప్పట్నుంచీ ఆ మాట అంటున్న నోరు నాది. నన్నడక్కుండానే అనేసింది.

"తథాస్తు."

మంట గుప్పున లేచింది. మోదుగాకుల మనిషి నిలువునా అంటుకున్నాడు. ఆకులు కాలిన వాసన కాదది. శ్మశానాల్లో తిరిగినవాణ్ణి, నాకు తెలుసు ఆ వాసన.

మర్నాడు పొద్దున్నే తాడేపల్లిగూడెం పోలీసులు ఫోన్ చేశారు. రైల్వేస్టేషన్ దగ్గర మతిలేని మనిషొకడు పోయాడనీ, గోడ మీదున్న తప్పిపోయినవాళ్ళ ఫొటోల్లో ఒకదానితో పోలిక కలిసిందనీ అన్నారు. వెళ్ళాం. కౌండిన్యే. ఒళ్ళంతా కాలిపోయింది, మొహం మాత్రం మిగిలింది. వేసుకున్న చొక్కాకి మసి కూడా అంటలేదు.

స్టేషన్ బయట టీకొట్టు హెన్రీ వచ్చి చెప్పాడు. ఆ మనిషికి ఏళ్ళ తరబడి తనే టీ పోస్తున్నాడుట, ఒక్కనాడూ పెదవి విప్పింది లేదుట. నిన్న సందెవేళ గ్లాసు కింద పెట్టి లేచి, ఎవరో పెద్దవాళ్ళ ముందు నించున్నట్టు చేతులు కట్టుకుని, "సరేనండీ" అన్నాడుట. అని పడుకున్నాడుట.

శవం ఇవ్వండని పోలీసుల్ని అడిగితే, ఈ పేరుగలాయన కోర్టు లెక్కలో పోయాడు కదండీ, ఇదెవరో మళ్ళీ కోర్టే తేల్చాలన్నారు. లాస్య ఏడవలేదు. ఏలూరికి గంట ప్రయాణం లేదు బాబాయ్ అంది. ఇంకేమీ అనలేదు. అనుంటే బాగుండేది, నా గుండె కాస్త తేలికపడేది.

ఇంటికి చేరేసరికి దీపాలవేళ. లాస్య వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోముతోంది. మేధ వచ్చి నా పక్కన కూర్చుంది. తండ్రిని ఏనాడూ చూడని పిల్ల.

"చిన్నతాతయ్యా, నాన్నగారు నిన్నడగమన్నారు."

నేను కండువా నోట్లో కుక్కుకున్నాను.

"అమ్మని కూడా తీసుకెళ్ళమంటావా?"

గట్టిగా... ఇంకా గట్టిగా కుక్కుకున్నాను. ఊపిరాడటం లేదు. పిల్ల నా మొహంలోకి చూడటం లేదు, వీధి తలుపు వైపు చూస్తోంది.

మూసిన తలుపు అవతల నించి, అచ్చం నా గొంతుతో, ఎవరో "తథాస్తు" అన్నారు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.